యూద ధర్మమున భక్తిమార్గము: హసీదుల ఆవిర్భావము, అంతరార్థము



బసవేశ్వరుల బోధలను మననము చేసెడి ఈ పుటలలో పరదేశమున పుట్టిన ఒక మార్గమును గూర్చి పాఠమేల అని కొందరు ప్రశ్నింపవచ్చును. భక్తి ఒక దేశమునకో, ఒక భాషకో కట్టుబడినది కాదు. చదువురాని వానికిని పరమాత్మ సన్నిధి సులభమేయని చాటిన మహనీయులు పెక్కు దేశములందు పుట్టిరి. వారు తెరచిన ద్వారము వారి అనంతరము తెరచియే యుండెనా, మరల మూతపడెనా అని విచారించుట మనకును శ్రేయస్కరము. అట్టి విచారమునకు 18వ శతాబ్దమున తూర్పు ఐరోపాలోని యూదులలో వెలసిన హసీద మార్గము చక్కని నిదర్శనము.

యూదులు ఏకేశ్వరోపాసకులు. విగ్రహారాధనము వారికి నిషిద్ధము. మోషే ప్రవక్త ద్వారా తమకు లభించినదని వారు విశ్వసించెడి ‘తోరా’ వారి మూలగ్రంథము. దానిపై తరతరముల పండితులు చేసిన ధర్మచర్చల మహాసంపుటము ‘తల్మూద్’. ఈ శాస్త్రములను అభ్యసించి ధర్మనిర్ణయము చేసెడి ఆచార్యునికి ‘రబ్బీ’ అని పేరు. శాస్త్రాధ్యయనమునకు వారి సంప్రదాయమున అత్యున్నత స్థానము కలదు. ఈ నేపథ్యమును మనసున నిలుపుకొనినచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

పదార్థ విచారము

హీబ్రూ భాషలో ‘హెసెద్’ అనగా ప్రేమతో కూడిన దయ, నిశ్చలమైన అనురాగము. ఆ గుణము కలవాడు ‘హసీద్’. మన భాషలో ‘భక్తుడు’ అను మాట దీనికి కొంత సమీపముగా నుండును. అయితే హసీద్ అను పదమున దైవమునందలి అనురక్తియు, తోడి మనుజులయందలి దయయు రెండును ఇమిడియున్నవి. శాస్త్రము విధించిన మేరకు ఆచరించువాడు ధర్మాత్ముడు. విధించిన దానికంటె అధికముగా, ప్రేమచే ప్రేరితుడై ఆచరించువాడు హసీదు.

యూదుల చరిత్రలో ఈ పేరు మూడు సందర్భములందు ప్రముఖముగా వినబడును. క్రీ.పూ. 2వ శతాబ్దమున గ్రీకు సంస్కృతికి చెందిన అంతియోకస్ చక్రవర్తి యూదుల ఆచారములను నిషేధించినపుడు, మక్కబీ సోదరుల పక్షమున నిలిచి పోరాడిన ధర్మనిష్ఠులకు ఈ పేరుండెను. రెండవవారు 12, 13 శతాబ్దములందు జర్మనీ దేశమున జీవించిన తపోనిష్ఠులు. 1217లో కాలధర్మము నొందిన యూదా అను మహనీయుడు వారిలో అగ్రగణ్యుడు. ఉపవాసములు, కఠిన ప్రాయశ్చిత్తములు వారి మార్గము. వారిలో కొందరు మన కల్యాణ శరణులకు సమకాలికులగుట కాలవశమున సంభవించిన సంగతియే తప్ప సంబంధమునకు ప్రమాణము కాదు. మూడవవారు మన ప్రస్తుత పాఠమునకు విషయమైన హసీదులు. వీరు రెండవవారివలె దేహమును శోషింపజేయుటను గాక ఆనందమును మార్గముగా గైకొనిరి.

ఆవిర్భావమునకు పూర్వరంగము

ఏ ఉద్యమమును శూన్యమునుండి పుట్టదు. హసీద మార్గమునకు వెనుక ఒక శతాబ్దపు దుఃఖము కలదు. ఆనాడు ప్రపంచమున యూదులు అత్యధిక సంఖ్యలో నివసించిన రాజ్యములలో పోలండ్–లిథువేనియా ముఖ్యమైనది. 1648లో బొగ్దాన్ ఖ్మెల్నిత్స్కీ నాయకత్వమున కొసక్కులు పోలండ్ ప్రభువులపై తిరుగబడిరి. ఆ తిరుగుబాటులో ఉక్రేనియా ప్రాంతపు యూదులు వేలకొలదిగా వధింపబడిరి. ఊళ్ళు పాడైపోయెను. బ్రదికి బయటపడినవారు దారిద్ర్యమున మునిగిరి.

ఆ దుఃఖమున వారికి ఒక ఆశ పొడసూపెను. 1665లో స్మిర్నా నగరమునకు చెందిన శబ్బతాయి త్స్వీ తానే యూదులు నిరీక్షించుచున్న ఉద్ధారకుడనని ప్రకటించుకొనెను. దేశదేశముల యూదులు ఆయనను నమ్మి ఇండ్లు వాకిళ్ళు విడిచి ప్రయాణమునకు సిద్ధపడిరి. కాని 1666లో తురుష్క సుల్తాను ఎదుట ఆయన ప్రాణభీతితో మతము మార్చుకొనెను. నమ్మినవారి గుండెలు పగిలినవి. నాటినుండి రబ్బీలు క్రొత్త గురువుల మాట వినినంతనే సందేహించుట అలవరచుకొనిరి. ఈ సందేహమే తరువాతి కాలమున హసీదులపైకిని మళ్ళినది.

ఆ కాలపు సమాజమున పండితులకు గొప్ప గౌరవముండెను. ధనవంతులు తమ కుమార్తెలను పండితులకిచ్చి వివాహము చేయుటను భాగ్యముగా నెంచెడివారు. కాని తల్మూదును చదువుటకు తీరికయు, స్తోమతయు లేని బండివాడు, కమ్మరి, పాలుపోసి బ్రదికెడివాడు, పల్లెలో సత్రము నడపువాడు ఏమి కావలెను? వారు ప్రార్థనామందిరమున వెనుక వరుసలో నిలిచి, అర్థము తెలియని మాటలను వల్లించి ఇంటికి మరలుచుండిరి. వేదాధ్యయనమునకు అర్హత లేదని దూరముగా నుంచబడిన మన దేశపు శ్రమజీవుల స్థితిని ఇది స్మరింపజేయును. అయితే యూదులలో జన్మచేత చదువు నిషేధింపబడలేదు. దారిద్ర్యమే వారిని చదువునకు దూరము చేసినది. ఈ భేదమును మరువరాదు.

బాల్ షెమ్ తోవ్

ఈ పరిస్థితులలో ఇస్రాయేల్ బెన్ ఎలియెజెర్ సుమారు 1700 ప్రాంతమున పొదోలియా సీమలో జన్మించెను. ఆ సీమ నేటి ఉక్రేనియాలో నున్నది. ఆయన బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయెనని, బడికి పోయెడి పసిపిల్లలను తోడ్కొనిపోవు కొలువు చేసెనని, వివాహానంతరము కార్పేథియన్ కొండలలో మట్టి త్రవ్వగా భార్య దానిని బండిపై పట్టణమునకు తీసికొనిపోయి విక్రయించెనని సంప్రదాయ కథలు తెలుపుచున్నవి. ఈ కథల సంపుటము ఆయన గతించిన అర్ధశతాబ్దమునకు పైబడి, 1814లో ముద్రింపబడినది. అందుచే అందలి ప్రతి విషయమును చరిత్రగా గ్రహింపరాదు. భక్తుల హృదయమున ఆయన ఎట్లు నిలిచెనో అవి తెలుపును.

దైవనామబలముచే రోగములను మాన్పుచు, రక్షరేకులు వ్రాసియిచ్చెడివారిని ఆ రోజులలో ‘బాల్ షెమ్’ అనగా ‘నామాధికారి’ అని పిలిచెడివారు. ఇస్రాయేలు మొదట అట్టివాడే. కాలక్రమమున ‘శుభనామాధికారి’ అను అర్థమున ‘బాల్ షెమ్ తోవ్’ అను పేర ఆయన ప్రసిద్ధుడయ్యెను. 1740 ప్రాంతమున ఆయన మెద్జిబోజ్ పట్టణమున స్థిరపడి, 1760లో అచ్చటనే పరమపదించెను. ఆ పట్టణపు పోలిష్ పన్నుల లెక్కలను ఇటీవలి చరిత్రకారులు శోధించిరి. యూదసంఘమునకు చెందిన ఇంట ఆయన పన్ను మినహాయింపుతో నివసించినట్లు అందు కనబడినది. ఆయన సంఘముచే వెలివేయబడిన తిరుగుబాటుదారుడని పూర్వము కొందరు భావించిరి. ఆయన సంఘము నడుమనే గౌరవముతో నుండి బోధించెనని నేడు తెలియవచ్చుచున్నది.

ఆయన స్వయముగా గ్రంథమేదియు రచింపలేదు. బావమరిదికి వ్రాసిన ఒక లేఖ మాత్రము ప్రసిద్ధమైనది. తన ఆత్మ ఊర్ధ్వలోకముల కెగసి, ఉద్ధారకుడు ఎన్నడు వచ్చునని ప్రశ్నింపగా, నీ బోధ యను ఊటలు వెలుపలికి ప్రవహించి ఎల్లరకు అందిననాడు అని సమాధానము లభించినట్లు ఆయన అందు వర్ణించెను. ఉద్ధారకుడు వచ్చునని కూర్చుండి దినములు లెక్కించుట కాదు, చెంతనున్న నీటిని దప్పిగొన్నవారికి అందించుటయే కర్తవ్యమని ఆ లేఖనుండి మనము గ్రహింపవచ్చును. శబ్బతాయి వలన భంగపడిన జాతికి ఇంతకంటె తగిన ఔషధము వేరొకటి లేదు.

సిద్ధాంత సారము

హసీదుల బోధకు మూలము యూదుల రహస్యవిద్యయైన ‘కబ్బాలా’. 16వ శతాబ్దమున సఫెద్ పట్టణమున బోధించి 1572లో గతించిన ఇస్సాక్ లూరియా ఈ విద్యకు క్రొత్త రూపమిచ్చెను. సృష్టికాలమున దివ్యతేజస్సును ధరింపజాలక పాత్రలు పగిలెననియు, ఆ తేజఃకణములు జగత్తునందంతట చెదరి పదార్థములలో బందీలై యున్నవనియు, మానవుడు తన సత్కర్మచే వానిని విడిపించి మూలస్థానమునకు చేర్పవలెననియు ఆయన సిద్ధాంతము. ఇది అల్పసంఖ్యాకులైన సాధకులకు పరిమితమైన విద్య. బాల్ షెమ్ తోవ్ దీనిని సామాన్యుని ముంగిటికి తెచ్చెను.

ఆయన బోధను నాలుగు మాటలలో సంగ్రహింపవచ్చును.

మొదటిది ‘దెవెకూత్’. అనగా అంటిపెట్టుకొనియుండుట. మనస్సు ఎల్లవేళల పరమాత్మను వీడకయుండుటయే సాధన. భగవంతుడు లేని చోటు లేదు కావున ఆయనను అంటియుండుటకు వేరొక చోటికి పోవలసిన పనియు లేదు.

రెండవది ‘కవానా’. అనగా హృదయపూర్వకమైన ఏకాగ్రత. పెదవులు పలికిన దానికి హృదయము సాక్ష్యము పలుకనిచో ఆ ప్రార్థన ప్రాణములేని దేహమువంటిది.

మూడవది ‘సింహా’. అనగా ఆనందము. పాపచింతచే కృశించుచు, తన్ను తాను నిందించుకొనుచు కూర్చుండుట సాధకునికి తగదు. విషాదము దైవమునకు మానవునకు నడుమ అడ్డుగోడయగును. అందుచేతనే హసీదులు ప్రార్థనవేళ ఊగుదురు, పాడుదురు, వలయాకారముగా నాట్యమాడుదురు. మాటలు లేక రాగముమాత్రమే కలిగిన ‘నిగ్గూన్’ అను గానము వారి సొత్తు. మాట నేర్వనివాడును రాగము నేర్వగలడు గదా!

నాలుగవది లౌకిక కర్మమును ఆరాధనముగా మార్చుట. తినుట, త్రాగుట, అమ్ముట, కొనుట, గుఱ్ఱమును తోలుట, చెప్పులు కుట్టుట, వీనియందును తేజఃకణములు కలవు. శుద్ధచిత్తముతో చేసిన పని ఆ కణములను విడిపించును. ఈ మాట వినగానే మన పాఠకులకు బసవేశ్వరుల కాయక సిద్ధాంతము స్మరణకు వచ్చుట సహజము.

మురళి కథ

హసీదులు తమ తత్త్వమును శాస్త్రగ్రంథములందేగాక కథలందును భద్రపరచిరి. వానిలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధము. ఒక పల్లెటూరి గృహస్థు తన కుమారుని యూదులకు పరమపవిత్రమైన ప్రాయశ్చిత్త దినమున బాల్ షెమ్ తోవ్ ప్రార్థనామందిరమునకు తోడ్కొనివచ్చెను. ఆ బాలుడు పశువులను మేపువాడు, అక్షరములు నేర్వలేకపోయెను. అతని జేబులో చిన్న పిల్లనగ్రోవి యుండెను. ఆ దినమున వాద్యములు మ్రోయించుట నిషిద్ధము. తోడివారు ప్రార్థించుచుండగా బాలుడు, నాయనా, నాకు తెలిసినది ఇదొక్కటే, ఊదనిమ్మని పలుమారులు వేడెను. తండ్రి గద్దించి ఆ పిల్లనగ్రోవిని జేబుతోడనే చేత బిగించి పట్టుకొనెను. సాయంకాలమున కడపటి ప్రార్థనవేళ బాలుడు పట్టు విడిపించుకొని గట్టిగా ఊదెను. సభయంతయు దిగ్భ్రాంతి నొందెను. బాల్ షెమ్ తోవ్ మాత్రము సంతోషించి, దినమంతయు మన ప్రార్థనలు పైకెగయలేక నిలిచియుండెను, ఈ పసివాని ధ్వని వానినన్నింటిని తనతో మోసికొని పోయినదని ఓదార్చెను.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమును ఎరిగినవారికి ఈ బాలుడు క్రొత్తవాడు కాడు. శివుడు నిజముగనే పాలు త్రాగునని నమ్మి, త్రాగకున్న ప్రాణములు విడుతునని విలపించిన గొడగూచి ఈ బాలునికి అక్క. శివునికి తల్లి లేదని జాలిపడి తానే తల్లియైన బెజ్జమహాదేవి, తన కన్ను పెరికి సమర్పించిన కన్నప్ప వీరందరు ఒకే కుటుంబము. శాస్త్రము తెలియని ప్రేమ శాస్త్రమును ధిక్కరించినది కాదు. శాస్త్రము ఏ గమ్యమునకు దారి చూపునో ఆ గమ్యమును ముందుగనే చేరినది. ముగ్ధభక్తుల కథల పరమార్థమిదియే.

విరోధము

బాల్ షెమ్ తోవ్ అనంతరము మెజెరిచ్ నివాసియైన దోవ్ బెర్ ఉద్యమమునకు నాయకుడయ్యెను. ఆయన గొప్ప ప్రవక్త, తపస్వి. దూరదేశములనుండి యువకులు ఆయనను సేవింపవచ్చిరి. తరువాత తత్త్వవేత్తగా పేరొందిన సొలొమన్ మైమోన్ తన యౌవనమున అచ్చటికి పోయి, మొదట ముగ్ధుడై, పిదప విముఖుడై, ఆ అనుభవమును తన ఆత్మకథలో వ్రాసెను. దోవ్ బెర్ శిష్యులు పోలండ్, గలీషియా, ఉక్రేనియా, శ్వేతరష్యా సీమలకు వ్యాపించి ఒక్కొక్కరు ఒక్కొక్క కేంద్రమును నెలకొల్పిరి.

1772లో విల్నా నగరపు యూదసంఘము హసీదులను బహిష్కరించెను. ఈ బహిష్కారమునకు అండగా నిలిచినది సామాన్యుడు కాదు. ఆ యుగపు పండితులలో అగ్రగణ్యుడు, ‘విల్నా గావోన్’ అని కీర్తింపబడిన ఎలియా. 1720లో జన్మించి 1797లో గతించిన ఆ మహాపండితుడు నిస్పృహుడు, నిష్కళంకుడు. హసీదులు వేరుగా మందిరములు ఏర్పరచుకొనిరి, ప్రార్థనాక్రమమును మార్చిరి, శాస్త్రాధ్యయనమును తేలికచేసిరి, గురువును మితిమీరి పొగడుచున్నారు అనునవి అభియోగములు. శబ్బతాయి వలన తగిలిన గాయము ఇంకను మానలేదు. 1781లో బహిష్కారము మరల ప్రకటింపబడెను. ఉభయపక్షముల వైరము ప్రభుత్వమువరకును పోయెను. ‘హబద్’ శాఖకు మూలపురుషుడు, ‘తన్యా’ గ్రంథకర్తయైన ష్నెయూర్ జల్మాన్ 1798లో రష్యా రాజధానిలో నిర్బంధింపబడి, పిమ్మట విడుదలయ్యెను. ఆ విడుదల దినమును ఆయన అనుయాయులు నేటికిని పండుగగా జరుపుకొనుచున్నారు.

ఈ వివాదమున ఒక పక్షమును దుష్టులనుగా చిత్రించుట న్యాయము కాదు. చదువు లేని ఉత్సాహము దారి తప్పునని పండితుల భయము. ప్రేమ లేని చదువు శుష్కించునని భక్తుల వేదన. రెండును సత్యములే. కాలక్రమమున హసీదులు శాస్త్రాధ్యయనమును ఆదరించిరి. పండితులును నీతి, అంతఃకరణ శుద్ధులపై దృష్టి నిలిపిరి. 19వ శతాబ్దమున నవీన నాస్తికభావములు ఉభయులను ఎదుర్కొనగా వైరము క్రమముగా చల్లబడినది.

త్సద్దీకు: నిచ్చెనయా, గోడయా?

ఇప్పుడు పాఠమునందలి ప్రధానవిషయమునకు వచ్చుచున్నాము. సామాన్యుడు ఎల్లవేళల దైవమును అంటియుండుట సాధ్యమా? బండివానికి చలిలో గుఱ్ఱము కూలబడినపుడు ఏకాగ్రత నిలుచునా? ఈ ప్రశ్నకు హసీదులు కనుగొన్న సమాధానము ‘త్సద్దీకు’. అనగా ధర్మమూర్తియైన గురువు. ఆయన పరమాత్మను అంటియుండును. సామాన్యుడు ఆయనను అంటియుండిన చాలును. లిజెన్స్క్ నివాసియైన ఎలిమెలెక్ బోధలతో 1788లో ముద్రితమైన గ్రంథము ఈ సిద్ధాంతమును విపులీకరించెను. ఈ గురువులను ప్రజలు ‘రెబ్బే’ అని ప్రేమతో పిలిచిరి. శిష్యుడు తన కష్టమును చీటిపై వ్రాసి కానుకతో సమర్పించును. విశ్రాంతిదినమున గురువు పంక్తిలో కూర్చుండి, ఆయన భుజించి మిగిల్చిన అన్నమును ‘షిరాయిమ్’ అను పేర పవిత్రభావముతో పంచుకొనును. అష్టావరణములలో గురువును, జంగమమును, ప్రసాదమును ఆరాధించెడి మనకు ఇందలి భావము వివరింపనక్కరలేదు.

నిచ్చెన యున్నచో ఎక్కుట సులభము. కాని నిచ్చెన తన్ను తానే మేడయని భావించినచో? దోవ్ బెర్ తరమున గురుస్థానము యోగ్యతచే లభించెను. బాల్ షెమ్ తోవ్ అనంతరము నాయకత్వము ఆయన కుమారునికి గాక ఈ శిష్యునికే స్థిరపడెను గదా! కొలది తరములు గడచునప్పటికి అది తండ్రినుండి కుమారునికి, మామనుండి అల్లునికి సంక్రమించెడి ఆస్తియయ్యెను. తపస్వియైన దోవ్ బెర్ మునిమనుమడు, 1850లో గతించిన రిజిన్ ఇస్రాయేల్, సదగూర పట్టణమున రాజభవనము నిర్మించుకొని రాజోచిత వైభవముతో జీవించెను. ఆ వైభవము లోకమునకేగాని తన అంతరంగము నిరాడంబరమని ఆయన భక్తులు సమర్థించిరి. కాని 1869లో ఆ వంశపు ఆడంబరమును సాన్జ్ గురువైన హయీమ్ బహిరంగముగా ఖండించెను. తన యింట ధనమును రాత్రికి నిలువనీయక దీనులకు పంచెడివాడని ఆయనకు ప్రసిద్ధి కలదు. హసీదునే హసీదు ప్రశ్నించిన ఘట్టమిది.

ఆత్మవిమర్శ అంతకు పూర్వమునుండియు కలదు. కొత్స్క్ నివాసియైన మెనహెమ్ మెండెల్ మహిమలకొరకు తన చుట్టు మూగినవారిని సహింపక, సత్యమునే కోరుడని గద్దించి, 1859లో గతించువరకు తన కడపటి ఇరువది ఏండ్లు ఏకాంతముననే గడపెను. బాల్ షెమ్ తోవ్ మునిమనుమరాలి సంతతి కాదు, స్వయముగా ఆయన దౌహిత్రి కుమారుడైన నహ్మాన్ బ్రెస్లోవ్‌లో బోధించి 1810లో ఉమాన్ పట్టణమున గతింపగా, ఆయన శిష్యులు వేరొక గురువును నియమించుకొనలేదు. మృతగురువును పట్టుకొని వ్రేలాడుచున్నారని ఇతరులు వారిని ‘మృతహసీదులు’ అని ఎగతాళి చేసిరి. అయినను వారు నేటికిని నిలిచియున్నారు. ఏటేట నూతన సంవత్సరమున వేలాది భక్తులు ఉమాన్ సమాధిని దర్శించుచున్నారు.

స్త్రీల విషయమును మరువరాదు. 19వ శతాబ్దమున లుద్మీర్ పట్టణమున హన్నా రాహేల్ అను కన్య పురుషులవలె ప్రార్థన, బోధనలు సాగింపగా ప్రజలు ఆమెను దర్శింపవచ్చిరి. కాని గురువులు ఆమెను వివాహమునకు నిర్బంధించిరి. ఆమె పలుకుబడి క్షీణించినది. కడకు యెరూషలేమునకు పోయి అచ్చట శేషజీవితము గడపెను. అక్కమహాదేవిని అనుభవమంటపమున సమానగౌరవముతో స్వీకరించిన శరణుల ఔదార్యము ఎంత అరుదైనదో ఈమె చరిత్ర తెలుపును.

ప్రళయము, పునరుత్థానము

1939 నుండి 1945 వరకు జరిగిన మహాయుద్ధకాలమున నాజీలు సుమారు అరువది లక్షల యూదులను వధించిరి. హసీదుల పుట్టినిండ్లైన పోలండ్, ఉక్రేనియా, హంగరీ పట్టణములు నిర్మానుష్యములయ్యెను. వేలాది ప్రార్థనామందిరములు భస్మమయ్యెను. ఈ మార్గము ఇక అంతరించినదని లోకము భావించెను. కాని మిగిలిన కొలదిమంది న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్ భాగమునందును, ఇస్రాయేల్ దేశమునందును తిరిగి ఇండ్లు కట్టుకొని, కాలిపోయిన ఊళ్ళ పేర్లనే తమ సంఘములకు నిలుపుకొనిరి. సత్మార్, గూర్, బెల్జ్ అనునవి అట్టి పేర్లు. నేడు ప్రపంచమున సుమారు 1,30,000 హసీద కుటుంబములు కలవని చరిత్రకారుడు మార్చిన్ వొజిన్‌స్కి 2018లో ప్రకటించిన గ్రంథమున అంచనా వేసెను.

హబద్ శాఖ గురువైన మెనహెమ్ మెండెల్ ష్నీర్సన్ 1951 నుండి 1994లో గతించువరకు శిష్యదంపతులను దేశదేశములకు పంపెను. ఆయన అనంతరము ఆ పీఠమున వేరొకరు కూర్చుండలేదు. అయినను సేవ ఆగలేదు. ముంబయి నగరమందలి నారిమన్ గృహము వారి కేంద్రములలో ఒకటి. 2008 నవంబరు 26న మొదలైన ఉగ్రవాదుల దాడిలో అచ్చటి గురుదంపతులు, అతిథులు బలియైరి. వారి రెండేండ్ల పసివానిని భారతీయురాలైన దాది రక్షించినది. మన దేశమునకు హసీదులతో కల్గిన ఈ బంధము కన్నీటితోను, ఒక తల్లి మనసుతోను ముడిపడియున్నది.

సామ్యములు, భేదములు

పోలికలు చూచి ఒకటి వేరొకదానినుండి పుట్టెనని భ్రమింపరాదు. కల్యాణమునకు, మెద్జిబోజునకు నడుమ ఆరు శతాబ్దములు, అనేక సముద్రములు కలవు. భేదములును లోతైనవి. హసీదులు తోరాధర్మమున ఒక్క విధినైనను త్రోసిపుచ్చలేదు; విశ్రాంతిదినము, ఆహారనియమములు యథాతథముగా పాటించిరి. వారు విధికి ప్రాణము పోసిరి. బసవేశ్వరులు విధినే ప్రశ్నించిరి. జన్మచేత వచ్చిన ఉచ్చనీచములను, యజ్ఞయాగములను నిరాకరించి, బిజ్జలుని కొలువున భండారాధికారిగా నుండియు చర్మకారుని ఆలింగనము చేసికొనిరి. హసీదుల ద్వారము యూదులలోని దీనులకు తెరువబడినది. శరణుల ద్వారము ఏ కులమువారికైనను తెరువబడినది. అట్లే దెవెకూతును షట్స్థలములలోని ఐక్యస్థలముతో పూర్ణముగా ఏకీకరింపరాదు. అంటియుండుటయందు ఇద్దరు మిగిలియుందురు; ఐక్యమున ఇద్దరు లేరు.

అయినను పరీక్ష మాత్రము ఇరువురికిని ఒక్కటియే. గురువు శిష్యుని చేయిపట్టి దైవమువద్దకు నడిపించినంతకాలము మార్గము సజీవము. గురువు దైవమునకు బదులుగా నిలిచి, ఆ స్థానమును తన రక్తసంబంధులకు సొత్తుగా వ్రాసియిచ్చిననాడు, అనుయాయులు లక్షలున్నను మార్గము స్థావరమగును. జంగమమనగా చరించునది. జంగమత్వము ఆచారము, అనుభావములచే సిద్ధించునుగాని జన్మపత్రికచే గాదు. ఈ మాట పరులను విమర్శించుటకు గాదు. మన మఠములను, మన గృహములను, మన మనస్సులను చూచుకొనుటకు. అన్యుల చరిత్రమున దోషము కనుగొనుట సులభము. అదే అద్దమున మన ముఖము చూచుకొనుట కష్టము.

మననము చేయదగిన ప్రశ్నలు

1. నా నిత్యపూజలో పెదవులు పలికినది హృదయము వినుచున్నదా?

2. నా కాయకమును జీవనోపాధిగా మాత్రమే చేయుచున్నానా, ఆరాధనముగా చేయుచున్నానా?

3. అక్షరము రాని భక్తుడు మన సభకు వచ్చినచో, ఆ బాలుని తండ్రివలె అతని చేతిని బిగించి పట్టుకొందునా, ఊదనిత్తునా?

4. గురువునందు నేను ఆశ్రయించునది వంశమునా, గుణమునా?

ఈ ప్రశ్నలకు సమాధానములు గ్రంథములలో లభింపవు. ఇష్టలింగమును కరస్థలమున నిలిపి, ఎవరికి వారే వెదకుకొనవలెను.

శరణు శరణార్థి.